తోడేళ్ల మైదానంలో పందెం

తాతల నాటి నుంచీ కుందేళ్ల పరుగుపందెం వాగు ఒడ్డునే జరిగేది. చూడవచ్చే జంతువు ఏదైనా కడుపునిండా తినే రావాలి, అదీ అక్కడి ఆచారం. ఆకలి కళ్ల ముందు కుందేలు పరుగెత్తదు.

ఈ ఏడు పందెం నడిపే నక్క కొత్త మాట ఎత్తింది. "వాగు దారి పాతబడిపోయింది. అడవి అవతల తోడేళ్లు మైదానం చదును చేశాయి. చూసేవాళ్లు వేలల్లో వస్తారు!"

కుర్ర కుందేళ్లు ఎగిరి గంతేశాయి. ముసలి కుందేలుకు మాత్రం మనసొప్పలేదు. వెళ్లి చూసొచ్చింది. మైదానం అద్దంలా ఉంది, దూరడానికి ఒక్క బొరియ లేదు.

"అల్లుడూ, మన ఆచారం వాళ్లకు చెప్పావా?" అని నిలదీసింది.

నక్క నవ్వింది. "భలేదానివే అత్తా! మీరంటే వాళ్లకెంత ప్రేమో తెలుసా? మీరొస్తున్నారని విన్న దగ్గర్నుంచీ పచ్చి మంచినీళ్లైనా ముట్టలేదు!"