డేగకన్ను

ఆ సంచీ ఉబ్బి ఉన్న తీరు చూడగానే డేగకి అనుమానం వచ్చింది.

డేగ అంటే చేతిపనుల ప్రదర్శనలో గేటు దగ్గర కాపలా ఉండే సెక్యూరిటీ ఆవిడ. తోటివాళ్ళు పెట్టిన పేరది. ఆవిడ కన్ను గప్పి చీమ కూడా గేటు దాటదని వాళ్ళ నమ్మకం. నిన్నటిదాకా ఆవిడ నమ్మకం కూడా అదే. నిన్న ఒక ఇత్తడి గంటా, ఒక చెక్క గుర్రమూ నిక్షేపంగా గేటు దాటి వెళ్ళిపోయాయి.

మేనేజరు పిలిచి అక్షింతలు వేశాడు. "ఇవాళ ఇంకొక్క వస్తువు పోయిందా, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు. ఆయన ఏదైనా ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. స్టాలు ఇప్పించమని కాళ్ళరిగేలా తిరిగేవాళ్ళని కూడా, "మీ సరుకు కావాలని జనం అడిగిన రోజున రండి, చూద్దాం," అని పంపించేసే రకం. డేగ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ జీతంతోనే. అందుకే పొద్దున్నుంచీ కళ్ళలో ఒత్తులు వేసుకుని నిలబడింది.

ఇంతలో ఈ పెద్దావిడ దిగింది. నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, భుజాన ఆ సంచీ. టికెట్లు చించే అమ్మాయిని ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఇదీ:

"ఏ స్టాళ్ళ దగ్గర జనం ఎక్కువగా ఉంటారమ్మా?"

కొనడానికొచ్చినవాళ్ళు చవగ్గా ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. రద్దీ ఎక్కడుందని ఎవరు అడుగుతారు?

సంచీ అక్కడే తెరిపించొచ్చుగా అంటారేమో. బయటికెళ్ళే సంచీలు చూడమన్నారు గానీ, లోపలికొచ్చేవి చూడమని డేగకి ఎవరూ చెప్పలేదు. అయినా చూడ్డానికేముంది? ఖాళీ సంచీతో వస్తే అనుమానిస్తారని పాతగుడ్డలు కుక్కుకొచ్చి ఉంటుంది. గేటు పక్కవాడికి అప్పజెప్పి, డేగ ఆవిడ వెనకాలే బయల్దేరింది.

పెద్దావిడ ముందు కుండల దగ్గర ఆగింది. సారె ఎలా తిప్పుతారో చూపించమంది. తనూ తిప్పుతానంది. పాపం, కుండలాయన మురిసిపోయి నీళ్ళు తేవడానికి అటు తిరిగాడో లేదో, ఆవిడ చెయ్యి సంచీలోకి వెళ్ళింది. అడ్డంగా ఒక లావుపాటి జంట వచ్చి నిలబడింది. వాళ్ళు కదిలేసరికి ఆవిడ లేదు.

"ఏమైనా పోయిందా?" డేగ ఆయాసపడుతూ అడిగింది.

"ఏం పోలేదే," అన్నాడాయన.

'ఇంకా చూసుకోలేదు, అంతే,' అనుకుంది డేగ.

దీపాల స్టాలులోనూ అదే తంతు. ఒక లాంతరు నెత్తిన గుడ్డ పిచ్చుకొకటి బుట్టబొమ్మలా కూర్చునుంది గానీ, డేగకి ముచ్చట్లు చూసే తీరికెక్కడిది? పెద్దావిడ చెయ్యి మళ్ళీ సంచీలోంచి బయటికి రావడం మాత్రం స్పష్టంగా చూసింది. అక్కడా ఏమీ పోలేదన్నారు.

బుట్టలాయన దగ్గరైతే డేగ గుండె ఆగినంత పనైంది. ఆయన అన్నం డబ్బా తెరుస్తూ గిరాకీ వచ్చినప్పుడల్లా మూస్తున్నాడు.

"నువ్వు తిను నాయనా, కాసేపు నేను చూసుకుంటాగా," అంది పెద్దావిడ.

ఆ మహానుభావుడు దుకాణం ఆవిడ చేతిలో పెట్టి మూలకి తిరిగి కూర్చున్నాడు! దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే కదా అని డేగ తల పట్టుకుంది. పెద్దావిడ బుట్టలన్నీ అటూ ఇటూ సర్దింది. బేరమాడి ఒకటి అమ్మిపెట్టింది కూడా. తర్వాత తిన్నగా డేగ ముందుకొచ్చి నిలబడింది.

"పొద్దున్నుంచీ నా వెనకాలే తిరుగుతున్నావు, కాళ్ళు పీకట్లేదూ? ఇదిగో, ఈ నారింజ తొనలు తిను."

"డ్యూటీలో ఏం తినను పెద్దమ్మా," అంది డేగ బిగుసుకుపోయి.

"తినకపోతే పోనీ. కాస్త నవ్వితే నీ ఉద్యోగం పోతుందా?"

'నీ వల్లే పోయేలా ఉంది,' అని డేగ పళ్ళు నూరింది. కానీ గొంతు ఎండిపోయి ఉంది. తొనలు తీసుకుంది. తియ్యగానే ఉన్నాయి, అది ఇంకా ఒళ్ళు మండించింది.

సాయంత్రం దాకా ఆ పెద్దావిడ ఒక్క స్టాలూ వదల్లేదు. ఒక్క వస్తువూ కొనలేదు. చివరికి పని ముగించినదానిలా చేతులు దులుపుకుని గేటు వైపు నడిచింది. డేగ పరుగున వెళ్ళి అడ్డం నిలబడింది.

"పెద్దమ్మా, సంచీ తెరవండి."

"అలాగే తల్లీ."

డేగ సంచీని బోర్లించి దులిపింది. నారింజ తొక్కలు రాలాయి. ఒక మంచినీళ్ళ సీసా దొర్లింది. ఇంకేమీ లేదు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. డేగ మొహం కందగడ్డ అయింది.

"క్షమించండి," అంది తొక్కలు ఏరుతూ. ఉద్యోగం నిలబడిందని లోలోపల ప్రాణం లేచొచ్చింది.

అంతలోనే మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. ఆయన గుప్పిట్లో గుడ్డ పిచ్చుకలు. ఎర్ర తోకవి, పూసల కళ్ళవి, ఒకటి మెడ తిప్పి చూస్తున్నది. డేగ ఏరిన తొక్కలు వదిలేసి లేచింది.

"ఏం పోయాయి సార్?"

"పోవడం కాదు, నా ప్రాణం తీస్తున్నాయి! కుండల మీద ఇవే, బుట్టల్లో ఇవే, లాంతర్ల మీద ఇవే. జనం ఇవి కావాలని ఒకటే గొడవ. ఎవర్నడిగినా మావి కావంటారు. అమ్ముదామంటే చేసినవాళ్ళు లేరు!"

"మరి నేనేం చెయ్యాలి సార్?"

"మైకులో చెప్పించు. ఇవి చేసినవాళ్ళు ఎవరైనా సరే వెంటనే వచ్చి నన్ను కలవమను. వచ్చేసారి ఈ గేటు పక్కనే పెద్ద స్టాలు ఇస్తానని చెప్పు!"

ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని గేటు దాటబోతున్న పెద్దావిడ వెనక్కి తిరిగి, "గేటు పక్కన వద్దు నాయనా, ఎండకి నా పిచ్చుకలు రంగు వెలిసిపోతాయి," అంది.