కమ్మరికీ నీడకీ పోటీ పెడితే

“ఇవాళ్టితో మీ గొడవ తీరిపోయింది పెద్దమ్మా!” అంటూ కోచ్ ఒక కవరు తెచ్చి, కుట్లు విప్పిన గ్లవ్స్ మధ్య బల్ల మీద పడేశాడు.

బాక్సింగ్ హాలు వెనక గదిలో కూర్చుని చిరిగిన గ్లవ్స్ బాగుచేయడం ఆమె పని. చేతిలో దబ్బనం తోలులోకి సగం దిగి ఆగిపోయింది.

“ఏ గొడవ?” అంది, ఏమీ ఎరగనట్టు.

“ఇంకే గొడవ? కమ్మరికీ నీడకీ పోటీ పెడితే ఎవడు గెలుస్తాడని ప్రతి ఆదివారం వదినా మరిదీ కలిసి ఈ గది కప్పు లేపేస్తున్నారుగా. లోపల నా పాఠం వినేవాడు లేడు, అందరి చెవులూ ఇటే. అందుకే ఆ బాక్సర్లిద్దరి పోటీలకీ రిఫరీగా నిలబడ్డ పెద్దాయనకి ఉత్తరం రాశాను. ఇదిగో జవాబు.”

కమ్మరి, నీడ అన్నవి జనం పెట్టిన పేర్లు. ఇద్దరూ ఒకప్పటి లైట్ హెవీవెయిట్ చాంపియన్లే. కమ్మరి గుద్దితే సమ్మెట దెబ్బ. నీడ ఎవరి చేతికీ అందేవాడు కాదు. నీడ బరిలోకి దిగేనాటికే కమ్మరి పోటీలు మానేశాడు. ఇక వాళ్ళలో ఎవరు గొప్పో నోటితోనే తేల్చుకోవాలి.

ముక్కాలిపీట మీద కూర్చున్న మరిది కవరుని ఒక వేలితో పక్కకి నెట్టాడు.

“అబ్బే, ఆ పెద్దాయనకి తొంభై దాటుంటాయయ్యా. ఏం గుర్తుంటుంది? అవతల పెట్టు.”

“ఓడిపోతానని భయమా మరిదీ?” అంది ఆమె. అనేసి నాలుక కరుచుకుంది. అంతకు పదింతల భయం తన గుండెల్లోనే ఉంది. మధ్యలో ఉండాల్సిన తన భర్త పోయాడు. ఆయన పోయాక ఈ తమ్ముడు రెండు బస్సులు మారి వస్తున్నది ఈ వాదన కోసమే. వాదనే తీరిపోతే ఈ గుమ్మంతో అతనికేం పని?

“ఆయనేం రాస్తే ఏంటిలే,” అని గబగబా అందుకుంది. “కమ్మరి కుడి చేతి గ్లవ్ నేనే కుట్టాను. మూడు పోటీలకి మూడుసార్లు పిగిలింది. నీ నీడగాడిది ఒక్కసారైనా పిగిలిందా?”

“ఎందుకు పిగులుతుంది? అతను ఊరికే గుద్దితే కదా! పన్నెండు రౌండ్లూ గాలిని కొట్టి కొట్టి నీ కమ్మరే ఆయాసంతో కూలబడతాడు.”

“పారిపోయేవాడికి చాంపియన్ బెల్టెవరిస్తారయ్యా?”

“దోమని చంపడానికి సమ్మెటెందుకు వదినా?”

“దోమ కుట్టాలంటే వాలాలిగా. వాలనీ, దాని సంగతి చెప్తా!”

“ఆగండి, ఆగండి!” కోచ్ కవరు చింపాడు. “నువ్వే చదువు పెద్దమ్మా.”

“నా కళ్ళజోడు కనబడ్డం లేదు నాయనా. తర్వాత చూద్దాంలే.”

“నీ ముక్కు మీదే ఉంది.”

చేసేదిలేక ఆమె తల వంచుకుంది. కోచ్ తనే గొంతెత్తి చదివాడు.

‘ఏడు రౌండ్ల దాకా నీడ అందడు. కానీ అలిసిపోతే వాడు ఎప్పుడూ తన ఎడమవైపుకే జరుగుతాడు. పక్కనే నిలబడి చూసినవాణ్ణి. సరిగ్గా అక్కడే కమ్మరి కుడి చెయ్యి కాచుకుని ఉంటుంది. ఎనిమిదో రౌండులో నీడ పడతాడు. పది లెక్కపెట్టేలోపు లేవడు.’

“గెలిచావు పెద్దమ్మా!” కోచ్ కాగితాన్ని బల్ల మీద పడేసి, ఈల ఊదుకుంటూ హాల్లోకి వెళ్ళిపోయాడు.

గోడ అవతల ఎవరో ఇసుక సంచిని ఆగి ఆగి గుద్దుతున్నారు.

“సరే వదినా,” అన్నాడు మరిది. “ఒప్పుకున్నాను. నువ్వే గెలిచావు.”

“అదేంటి, ఒక్క మనిషి చెప్పిందే వేదమా? ఇంకొకళ్ళని అడుగుదాం.”

“రిఫరీ మాట మీద ఇంకో మాటేముంటుంది?”

అతను చేతిసంచి తీసుకుని లేచాడు. మామూలుగా అయితే గుమ్మంలో నిలబడి ఇంకో నాలుగు ఎత్తిపొడుపులు విసిరితే గానీ కదలడు. ఇవాళ చొక్కా బొత్తాలు సర్దుకుంటూ నిలబడ్డాడు.

“వచ్చే ఆదివారం…” అని ఆగి, “ఎండలు ముదురుతున్నాయి వదినా. జాగ్రత్త,” అన్నాడు.

ఊరికే రా మరిదీ, అందామనుకుంది. ఊరికే ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

“నీ బస్సు వేళైంది. త్వరగా వెళ్ళు,” అంది.

“వెళ్ళొస్తా.”

ఆమె ఎరిగినంతలో వెళ్ళొస్తానన్నవాళ్ళంతా వెళ్ళడం వరకే మాట నిలబెట్టుకున్నారు. వంగిన ఆ వీపు వీధి మలుపు తిరిగేదాకా కిటికీ ఊచలు పట్టుకుని చూసింది. తర్వాత బల్ల దగ్గరికొచ్చి, తనని గెలిపించిన ఆ కాగితాన్ని నలిపి పారేయబోయింది.

వెనక వైపు కూడా ఏదో రాసి ఉంది. కోచ్ తిప్పి చూడనే లేదు. వణికే అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కుంది.

‘కోచ్ గారూ, ఇది మీలోనే ఉంచుకోండి. గ్లవ్స్ కుట్టే ఆవిడ మరిదినంటూ ఒకాయన తొమ్మిదేళ్ళ కిందటే వచ్చి ఇదే ప్రశ్న అడిగితే ఇదే జవాబు చెప్పాను. ఆవిడకి మాత్రం తెలియనివ్వొద్దని నా చేతులు పట్టుకున్నాడు, ఓడిపోయానని ఒప్పుకుంటే ఇక ఆదివారాలు ఎక్కడికి వెళ్ళాలో తనకి తెలియదట.’