నుదుటికి ఆనని చెయ్యి

"ముట్టుకోకు! దూరంగా ఉండవే!"

లోలా సియోనింగ్, అంటే సియోనింగ్ అమ్మమ్మ, అరిచిన అరుపుకి వంటింటి కిటికీలో నిద్రపోతున్న పిల్లి దూకి పారిపోయింది. మనవరాలు నెరిసా చాచిన చేతులు చాచినట్టే నిలబడిపోయింది. ముసలావిడ నూలు తొడుగులు వేసుకున్న రెండు చేతుల్నీ నడుముకి కట్టుకున్న తువ్వాలు కిందకి తోసేసింది.

"నీ చెయ్యి నుదుటికి ఆనించుకుందామనే కదా లోలా వచ్చింది. గాజులు ఊడబెరుక్కుపోతానా?"

"అక్కణ్ణించే దీవిస్తాలే. దేవుడు నిన్ను చల్లగా చూడాలి. చాలా? చేతులనిండా కొబ్బరిపాలు, జిగురు..."

"నీకెప్పుడూ ఏదో ఒకటి. మొన్న చేపల వాసన. అంతకుముందు బూడిద. మన ఇలోయిలో ఊళ్ళో పిల్లలందరూ ఇంట్లోకి రాగానే వాళ్ళ లోలా చెయ్యి నుదుటికి ఆనించుకుంటారు. నేను నీ చెయ్యి పట్టుకుని పదేళ్ళయింది." అంది నెరిసా. "ఇవాళ మాత్రం కాదనకు లోలా. మన రెనాతో లేడూ, నన్ను పెళ్ళాడతానంటున్నాడు. మధ్యాహ్నం ఓడెక్కి డ్యూటీకి వెళ్ళిపోతాడు, ఆలోగా జవాబు చెప్పాలి. ముందు నీ చెయ్యి నుదుటికి తాకాలి, ఆ తర్వాతే చెబుతానన్నాను."

లోలాకి కళ్ళు చెమర్చాయి. పిల్ల పెళ్ళి! చెయ్యి దానంతటదే తువ్వాలు లోంచి బయటికొచ్చింది. అంతలోనే ఆగింది. తొడుగుతో దీవించకూడదు మరి. తొడుగు తీస్తే ఎర్రటి మచ్చలు, వాటిమీద తెల్లటి పొట్టు, కణుపుల దగ్గర పగుళ్ళు.

సోరియాసిస్ అనే ఈ చర్మరోగం ఒకరి నుంచి ఒకరికి అంటుకోదని డాక్టరు మొదట్లోనే చెప్పాడు. కానీ ఆవిడ కొబ్బరిపాల అన్నం అరిటాకుల్లో చుట్టి సంతలో అమ్మే పొట్లాలు కొనుక్కు తినేది డాక్టరు కాదు కదా! బేరం పోతుందని కన్నకూతురికి కూడా చెప్పకుండా దాచింది. దాచగా దాచగా తన చేతులంటే తనకే రోత పట్టుకుంది. ఇప్పుడు ఆ చేతిని ఈ పిల్ల నున్నటి నుదుటికి ఆనించడమా?

నిజం చెప్పడానికి నోరు పెగల్లేదు. అబద్ధానికి మాత్రం ఇట్టే పెగిలింది.

"ఆ రెనాతో కుర్రాడు నాకు నచ్చలేదు. అందుకే చెయ్యి ఇవ్వను."

"నచ్చలేదా! పోయిన పండక్కి వాడికి మూడుసార్లు మారు వడ్డించి, ఇలాంటి కుర్రాడు దొరకాలంటే పెట్టి పుట్టాలి అన్నదెవరు?"

"అప్పుడన్నాను. ఇప్పుడు నచ్చలేదు."

నెరిసా ఆవిడ మొహంలోకి చూసింది. లోలా తల తిప్పేసుకుంది.

"వాణ్ణెందుకులే మధ్యలోకి లాగడం," అంది నెరిసా మెల్లగా. "నాకర్థమైంది లోలా. వస్తాను."

పిల్ల గుమ్మం దాటింది. లోలా మరో పొట్లం చుట్టబోయింది. ఆకు చిరిగింది. ఇంకోటి తీసింది. అదీ చిరిగింది. ఛీ, ఏం మనిషిని నేను! నా చేతులు నేను దాచుకోవడం కోసం బంగారంలాంటి కుర్రాడి మీద నింద వేశాను. పిల్లని దీవెన లేకుండా పంపేశాను.

తొడుగులు పీకి పొయ్యిలో పారేసి వీధిలోకి పరిగెత్తింది.

"అయ్యో లోలా, ఆ చేతులేంటి అలా ఉన్నాయి?" అంది మూలమీద చేపలమ్మే ఆవిడ.

"జబ్బు! పదేళ్ళనుంచీ ఉంది! నా పొట్లాలు కొంటే కొను, లేకపోతే మానెయ్!"

జీప్నీ బళ్ళు ఆగేచోట నెరిసా బెంచీమీద ఒక్కతే కూర్చుని ఉంది, ఒళ్ళో ఫోను పెట్టుకుని. లోలా రొప్పుకుంటూ వచ్చి, వట్టి చెయ్యి ఆ నుదుటికి ఆనించింది.

"ఇదిగో. ఇన్నాళ్ళూ దాచింది దీన్నే. చూస్తే నువ్వు అసహ్యించుకుంటావని భయపడ్డాను. ఆ కుర్రాడు రెనాతో బంగారం. ఒప్పుకోవే తల్లీ. ఈ ముసలిదాన్ని క్షమించు."

నెరిసా ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని చూసింది. తన చొక్కా చేతులు రెండూ మోచేతుల పైదాకా మడిచింది. అవే ఎర్రటి మచ్చలు. అదే పొట్టు.

"నాకు పధ్నాలుగో ఏట మొదలైంది. నువ్వు చూసేశావనుకున్నాను. అందుకే నన్ను ముట్టుకోనివ్వట్లేదని..."

"నెరిసా!"

"రెనాతోకి పెళ్ళి వద్దని ఇందాకే ఫోన్లో చెప్పేశాను లోలా. సొంత లోలానే ముట్టుకోనిదాన్ని ఇంకెవరు ముట్టుకుంటారని."