రెండో బుట్ట

"రిజల్ట్ వచ్చింది, సాయిబుగారూ. మీరిచ్చిన కాలువ జెల్ల చేపలు ఒక జాతి కాదు, రెండు," అంది చేపల మీద పరిశోధన చేస్తున్న ఆమని.

రేపల్లె చేపల బజారులో నబీ సాహెబ్ కత్తి కింద పెట్టాడు.

"మా ఆవిడ గౌస్ బీ నలభై ఏళ్లు అదే మొత్తుకుంది. రెండు బుట్టల్లో వేరుగా పోసేది. చాదస్తమని తిట్టేవాణ్ణి. ఆమె పోయాక అన్నీ ఒక్క బుట్టలోనే పోసేస్తున్నా."

"డీఎన్ఏ చూస్తే తప్ప మాకే తెలియలేదండి. ఆవిడ ఎలా గుర్తుపట్టేవారు?"

"పొట్ట కింద తడిమి."

పక్కన బోర్లించి ఉన్న రెండో బుట్టని ఆయన వెల్లకిలా తిప్పాడు. ఒక జెల్లని తీసి పొట్ట తడిమాడు. మళ్ళీ తడిమాడు. చెయ్యి రెండు బుట్టల మధ్య ఆగిపోయింది.

"ఆమె వేలికి ఏం తగిలేదో నేనెప్పుడూ అడగలేదమ్మా."