పదకొండో నమూనా

“పదకొండో నమూనా తీసి పారెయ్,” అన్నాడు అభిజిత్, కర్రీపఫ్ కొరుకుతూ.

శ్రీలేఖ మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. పఫ్ పొట్టు కీబోర్డు మీద రాలుతోంది. ఎదురుగా తెర మీద ఒక మనిషి ప్రాణం ఉంది. ల్యాబ్‌కి పెద్దయిన ఈయనగారికి అది టిఫిన్ వేళ.

ఛాతీ ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథికి అరుదుగా వచ్చే గడ్డలు, ఆ రోగుల జన్యువుల్లోని మార్పులు. ఇదీ వాళ్ళ పరిశోధన. పోల్చి చూడడానికి ఇరవైమంది ఆరోగ్యవంతుల రక్తం కావాల్సి వచ్చింది. సింగపూర్ జురాంగ్ ఐలాండ్ ఫ్యాక్టరీల్లో పనిచేసే మనవాళ్ళ డార్మిటరీలో ఒక ఆదివారం క్యాంపు పెట్టి, అభిజిత్ లెక్క తప్పకుండా ఇరవై ట్యూబులూ పట్టుకొచ్చాడు.

“సర్, ఇతనికి పుట్టుకతోనే జన్యువులో తప్పుంది. మన రోగుల్లో ముగ్గురికి ఉన్నదీ ఇదే. ఇప్పుడే స్కాన్ తీయిస్తే గడ్డ ఉన్నా తొందరగా బయటపడుతుంది. పిల్లలుంటే వాళ్ళకీ పరీక్ష చేయించాలి. పిలిచి చెబుదాం.”

“చెబితే ఎథిక్స్ కమిటీ, కాగితాలు, రెండు నెలలు గోవిందా. పేపర్ రేపు జర్నల్‌కి వెళ్ళాలి. డిలీట్ కొట్టు.”

“మనిషండీ!”

“వర్క్ పర్మిట్ వాడమ్మా. జబ్బని తెలిస్తే కంపెనీ ఫ్లైట్ ఎక్కిస్తుంది. చెప్పకపోవడమే వాడికి మేలు. వాళ్ళలో ఎవడో ఒకడు, పేర్లు నాకేం గుర్తు? ఎవడి ఖర్మ వాడిది.”

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. ఈయనకు మతి భేషుగ్గా ఉంది, పోయింది మనసే. ఇన్నాళ్ళూ ఈయన్ని గురువని చెప్పుకున్నందుకు శ్రీలేఖకు తన మీదే రోత పుట్టింది. లేచి బీరువా తాళం తీసి, నమూనా నంబర్లకి ఎదురుగా పేర్లున్న సీలు కవరు బయటికి లాగింది.

“కోడ్ విప్పావంటే ఉద్యోగం ఊడుతుంది.”

“ఊడనీండి. మీ పక్కన కూర్చోవాలంటేనే అసహ్యంగా ఉంది.”

కవరు చించింది. పదకొండు: నూకరాజు, వెల్డర్, ముప్ఫై నాలుగేళ్ళు. కింద ఫోన్ నంబరు. డయల్ చేసి స్పీకర్ పెట్టింది.

అభిజిత్ తాపీగా వేళ్ళు నాక్కున్నాడు. “చెప్పు, చెప్పు. రేపట్నుంచి నీకు బోలెడంత ఖాళీ.”

“నూకరాజు గారూ, కంగారు పడకండి. క్యాంపులో మీరిచ్చిన రక్తంలో ఒక దోషం కనబడింది. మీరు వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. స్కాన్ తీయించుకోవాలి. మీ పిల్లలకి కూడా...”

“నా రగతమాండీ?” అవతల నవ్వు వినబడింది. “సూది సూత్తేనే కళ్ళు తిరిగి పడిపోతానండి, నేనెక్కడిచ్చేనండి! ఎవరికీ సెప్పొద్దన్నారు గానీ మేడమ్, ఇరవైకి ఒకటి తగ్గిపోద్దని మీ అభిజిత్ సారే సొక్కా సెయ్యి మడిసి, నా పేరెట్టి ఆయన రగతం ఇచ్చేసేరండి.”