ఎవరూ చదవని నోటీసు

“ఇది కూడా చదవబుద్ధేస్తోందమ్మా. పనికిరాదు,” అంటూ గోదాము యజమాని కాగితాన్ని బల్ల మీదికి విసిరాడు.

డిజైనరు దాన్ని తీసుకుని చూసింది. కరపత్రమైనా గోడ పోస్టరైనా ఆమె చెయ్యి పడిందంటే దారినపోయేవాడు ఆగి చదవాల్సిందేనని ఊళ్లో పేరు. చదవకుండా చెయ్యమని ఇన్నేళ్లలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఈ మహానుభావుడు పొద్దుటి నుంచీ కుర్చీలో కాలు మీద కాలేసుకుని అదే అడుగుతున్నాడు.

సంగతేమిటంటే, ఒక సన్నటి వీధి చివర అతను గోదాము కట్టాడు. ఇళ్ల మధ్య నుంచి పగలూ రాత్రీ లారీలు తిప్పడానికి అనుమతి కావాలి. దానికి ముందుగా వీధిలో ప్రతి ఇంటికీ అచ్చు నోటీసు వెయ్యాలి. ఆ తర్వాత అధికారి సమావేశం పెట్టి అభ్యంతరాలు అడుగుతాడు. ఎవరూ రాకపోతే అనుమతి వచ్చినట్టే. పిల్లలు బంతాట ఆడుకునే ఆ వీధిలో ఇక పెద్దవాళ్లు కూడా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడవాలి. నోటీసు వేసినట్టూ ఉండాలి, ఒక్కడూ చదవకూడదు. అదీ అతగాడి కోరిక.

“అక్షరాలు చీమతలకాయంత ఉండాలి. నలుపు వద్దు, బూడిదరంగు వెయ్యండి. లారీ అన్న మాట ఎక్కడో మధ్యలో పడుండాలి. మీకొచ్చిన పనే తిరగేసి చెయ్యడానికి ఇంత ఆలోచనా?”

“ఆలోచన కాదు, అసహ్యం.”

“అది ఇంట్లో పెట్టుకోండి. మీరు కాకపోతే ఇంకొకరు చేస్తారు.”

ఆమె పళ్లు బిగించి మళ్లీ కంప్యూటరు ముందు కూర్చుంది.

అచ్చు యంత్రం నడిపేది ఆమె మరిది. వింటున్నకొద్దీ అతనికి ఒళ్లు మండిపోయింది. యజమాని టీ తాగడానికి బయటికెళ్లగానే వదిన మీద విరుచుకుపడ్డాడు. చదవాలని లేనివాడి చేత చదివించడమే మన పని అని తనకు నూరిపోసిన మనిషి ఇప్పుడు చేస్తున్నదేమిటని నిలదీశాడు. తానే వెళ్లి ఇంటింటికీ చెప్తానన్నాడు.

“చెప్పు. ఎవరు వింటారో చూద్దాం,” అందామె తల తిప్పకుండా. “నీళ్ల ట్యాంకు గొడవప్పుడు ఆ వీధికే అరచెయ్యంత అక్షరాలతో నోటీసు వేశాం. సమావేశానికి నువ్వే వెళ్లొచ్చావుగా, కుర్చీలు వేసినవాడు తప్ప ఎవరొచ్చారు? తమకొచ్చిన కాగితాన్ని తీసుకెళ్లి అలమరలో పరుచుకున్నారు.”

మరిది వెనక్కి తిరిగి యంత్రం తుడవసాగాడు. నిజమే మరి.

యజమాని తిరిగొచ్చి కొత్త ప్రూఫు చేతిలోకి తీసుకున్నాడు. కళ్లు చికిలించి రెండో వాక్యం దాకా పోయి, ఇక నావల్ల కాదన్నట్టు దించేశాడు. మొదటిసారి నవ్వాడు. అయినా ఒక అనుమానం పీకుతూనే ఉంది. పనీపాటా లేని ముసలివాళ్లుంటారు, భూతద్దం పెట్టి మరీ చదువుతారు, అన్నాడు.

“అయితే కవర్లో పెట్టి, పేర్లు వేయించండి,” అందామె. “ఒకరి పేరున్న కవరు పక్కింట్లో పడేయించండి. రేపు ఎవరైనా అడిగితే పంచినవాడు తడబడ్డాడనొచ్చు. మనది కాని కవరు మనింటికొస్తే ఏం చేస్తాం? తర్వాత ఇద్దాంలే అని కిటికీలో పెట్టి మర్చిపోతాం. ఈలోగా సమావేశం అయిపోతుంది.”

“అమ్మా, మీరు అసాధ్యులు,” అన్నాడతను. అంతటితో ఊరుకోలేదు, తన తెలివి కూడా కాస్త కలపాలనిపించింది. ‘పేరు గలవారు తప్ప ఇతరులు విప్పరాదు’ అని ప్రతి కవరు మీదా ఎర్రగా వెయ్యమన్నాడు. అలాగైతే పక్కింటివాళ్లు ముట్టుకోనైనా ముట్టుకోరట.

మీ ఇష్టం అంటూ ఆమె ఆ మాట రాసుకుంది.

“ఇంత దిగజారతారనుకోలేదు వదినా,” అన్నాడు మరిది.

“జిగురు పలచగా రాయి. వృథా చెయ్యకు.”

అతను జిగురు డబ్బా ఆమె ముందు ఠక్కున పెట్టి వెళ్లిపోయాడు. కవర్లన్నీ ఆమే అంటించింది. జిగురు దగ్గర కూడా ఇంత పీనాసితనమా అని యజమాని ఎగతాళి చేశాడు.

ఆ రోజు నుంచి మరిది ఆమెతో మాటలు మానేశాడు. అన్నం ముందు కూర్చుని ఉప్పు కావలసినా అన్ననే అడిగేవాడు. తానన్న మాట ప్రకారం ఆ వీధికీ వెళ్లాడు. గోదాము అనేలోపే, మేమేమీ కొనం బాబూ అని తలుపులేసుకున్నారు.

సమావేశం రోజు వచ్చింది. ఖాళీ కుర్చీలకు చదివి వినిపించి వచ్చేద్దాం రండి అని నవ్వుతూ యజమాని అధికారిని వెంటబెట్టుకొచ్చాడు. తలుపు తీస్తే లోపల కాలు పెట్టే సందు లేదు. మగవాళ్లు గోడవారన నిలబడ్డారు. కుర్చీలు చాలక ఆడవాళ్లు కిటికీల అంచుల మీద కూర్చున్నారు. ముందు వరసలో ఒక ముసలావిడ భూతద్దం పట్టుకుని, మధ్యలో పాతిపెట్టిన లారీల వాక్యాన్ని గొంతెత్తి చదివి వినిపిస్తోంది. ఆమె ఆపి, అదిగో, ఆ మారాజే, అని యజమానిని వేలెత్తి చూపించింది. హాలంతా అతని మీదికి తిరిగింది.

తలుపు దగ్గర మరిది కనిపించాడు. యజమాని అతని కాలరు పట్టుకున్నాడు.

“నువ్వే కదరా అందరికీ చెప్పింది?”

మరిదికే ఏమీ పాలుపోవడం లేదు. తానొక్కడైనా లేచి అభ్యంతరం చెబుదామని వచ్చి, ఈ జనాన్ని చూసి నోరెళ్లబెట్టి నిలబడిపోయాడు.

ఇంతమంది వద్దంటుంటే సంతకం పెట్టేది లేదని అధికారి అక్కడికక్కడే తేల్చేశాడు. నోటీసులు అందరికీ అందాయా అని అడిగితే, విప్పేసిన ఎర్రక్షరాల కవర్లు పట్టుకున్న చేతులు లేచాయి. అధికారి పేర్లు పిలుస్తూ హాజరు వేసుకుంటున్నాడు. పేరు వినగానే లేచిన మనిషినీ, ఆ చేతిలో కవరు మీదున్న పేరునూ మార్చి మార్చి చూస్తూ యజమాని మరిది కాలరు వదిలేశాడు.

ఒక్కరి చేతిలోనూ తన పేరున్న కవరు లేదు.