ఘాటు మీద జెర్రిపోతులు

"బుట్ట బస్సు మీదికెయ్యి. లోపలికి రానియ్య" అన్నాడు కండక్టర్, తలుపుకు అడ్డంగా నిలబడి.

"మీదేస్తే చలికి చస్తయన్నా" అన్నాడు ఏలియా. అతను నిర్మల్‌లో దర్జీ. మెడకు మఫ్లరు, చంకలో మూతకు తాడు కట్టిన వెదురుబుట్ట.

"ఏం, కోడిపిల్లలా?"

"పాములు."

ఆదిలాబాద్ పోయే పొద్దుటి బస్సు గప్‌చుప్ అయింది. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. ముందుసీటులో తలకు పటకా చుట్టుకున్న ఆయన కాళ్లు రెండూ పైకి ముడుచుకున్నాడు. ఎవరో దిగిపోతామన్నారు గాని దిగలేదు.

"జెర్రిపోతు పిల్లలే, విషం లేదు. ఇంట్ల పుట్టి ఇంట్లనే పెరిగినయి" అని బతిమాలాడు ఏలియా. "జర గా బానెట్ పక్కన కూసోనియ్యిండ్రి, చాలు. ఆడ వెచ్చగుంటది."

హ్యాండిల్ తిప్పగా తిప్పగా ఇంజను అప్పుడే రాజుకుంది. డ్రైవర్ అంబదాస్ వెనక్కి తిరిగి అరిచాడు. "ఇది మల్ల ఆగకముందే ఎక్కించు! నా పక్కన కూసుంటడు. పాము బయటికొస్తే మాత్రం బస్సు నువ్వే నడుపుకోవాలె కొడుకా, నేను దుంకుత."

బానెట్ పక్క చోటులో పోశవ్వ అనే ముసలమ్మ కూర్చుని ఉంది. బుట్టను ఎగాదిగా చూసి కొద్దిగా జరిగింది.

బస్సు కదిలింది మొదలు ఏలియా బుట్టను బానెట్ మీద పెట్టి, పక్కన మాటిమాటికీ అరచెయ్యి ఆనించి చూస్తున్నాడు. ఘాటురోడ్డు మీద కొండ ఎక్కడం మొదలయ్యేసరికి ఇంజను కాగిపోయింది. చటుక్కున బుట్ట ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

"గదేంది? వెచ్చగుండాలంటివి గద?" అంది పోశవ్వ.

"వెచ్చగుండాలె గని కాలొద్దవ్వా. వేడెక్కువైనా చస్తయి. చెయ్యి వెడితే హాయిగ అనిపియ్యాలె, గంతే. సల్లబడితేనేమో తిన్నది అరగదు. కట్టెలెక్క బిగుసుకపోతయి."

"సంటిపిల్లకన్న ఎక్కువున్నయి గదరా నీ పాములు!" అంటూనే ఆమె తన గొంగడి మడిచి బానెట్ మీద పరిచింది. "ఇగ పెట్టు."

వెనకనుంచి ఎవరో అడిగారు. "ఏం తింటయే అన్నా?"

"ఎల్కలు."

"అట్లయితే మా ఇంటికాడ జర దిగిపో."

బస్సంతా నవ్వింది. పటకా ఆయన ఒక కాలు కిందికి దించాడు.

ఘాటు పైకి చేరేసరికి టైరు పగిలింది. చుట్టూ టేకుచెట్లు, మంచు. చక్రానికున్న నట్టు ఒకటి బిగుసుకుపోయి ఎంతకీ ఊడలేదు. కండక్టరూ డ్రైవరూ దానితో కుస్తీ పడుతుంటే బానెట్ చల్లారింది. ఇంకాసేపటికి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంది.

ఏలియా తాడు విప్పి మూత తీశాడు. పాములు రెండూ ఒకదాన్నొకటి చుట్టుకుని, రంగు మాసిన తాళ్లలా పడున్నాయి. బుట్ట కదిపితే కదల్లేదు. ఏలియా ముఖం పాలిపోయింది.

"మంటేద్దామా?" అన్నాడు పటకా ఆయన, కిటికీలోంచి తల పెట్టి. అతనెప్పుడు కిందికి దిగాడో!

"వద్దన్నా. పొగకు పానం పోతది. ఎంత వేడి తగుల్తదో మనకెట్ల ఎరుక?"

"మంటలెందుకు?" అంది పోశవ్వ. "బాలింత పిల్లనెట్ల పొదుగుకుంటది? చొక్కాల ఏసుకో. మనిషి ఒంటివేడి సక్కగ సరిపోతది."

"చొక్కాలనా?"

"మరి నా రైకలనా?"

మళ్లీ అందరూ నవ్వారు. ఏలియా నవ్వలేదు. బుట్టలోకి చాలాసేపు చూశాడు. మఫ్లరు తీశాడు. గుండీలు విప్పాడు. చలికి వేళ్లు గజగజ వణుకుతుంటే, పాముల్ని ఒక్కొక్కటే తీసి కడుపుకు ఆనించుకుని, గుండీలన్నీ మెడదాకా పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

"ప్రార్థన చేస్తుండు. సప్పుడు చెయ్యకుండ్రి" అన్నారెవరో.

నట్టు ఊడింది. చక్రం మార్చారు. కండక్టర్ లోపలికొచ్చి తన ఖాకీ కోటు విప్పి ఏలియాకు కప్పాడు.

నేరడిగొండ దాటాక చొక్కా మెల్లగా కదిలింది.

"బతికినయా?" పోశవ్వ గొంతు తగ్గించి అడిగింది.

"కదులుతున్నయి" అన్నాడు ఏలియా, గొంతు పీలగా.

బస్సంతా చప్పట్లు. అంబదాస్ ఊరికే హారన్ కొట్టాడు. ఇచ్చోడలో పటకా ఆయన చాయ్ తెచ్చిస్తే ఏలియా తల కూడా ఊపలేదు. పాములకు ఇబ్బంది అవుతుందని కాబోలు, ఆదిలాబాద్ దాకా రాయిలా కూర్చున్నాడు.

బస్సు ఆగేచోట అతని భార్య మగ్దలేనమ్మ ఎదురుచూస్తోంది. బడిపంతులమ్మ; ఈ మధ్యే అక్కడికి బదిలీ అయింది. భర్త చేతిలో ఖాళీ బుట్ట చూసి ఆమె పరుగున దగ్గరికొచ్చింది.

"ఏవి?"

ఏలియా చొక్కా చూపించాడు. ఆమె గబగబా రెండు గుండీలు విప్పి చెయ్యి పెట్టింది. జెర్రిపోతులు రెండూ ఆమె ముంజేతిని చుట్టుకుని, నాలుకలు ఆడిస్తూ బయటికొచ్చాయి. కిటికీల్లోంచి జనం ఈలలు వేశారు.

"అమ్మా," కండక్టర్ తన కోటు తీసుకుంటూ అన్నాడు, "పాముల మీద గింత పానం పెట్టుకున్న మనిషిని నేనైతే చూడలే. మీ ఆయన కడుపుల పెట్టుకోని తెచ్చిండు!"

మగ్దలేనమ్మ భర్త ముఖంలోకి చూసింది. చూస్తుంటేనే ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నవ్వూ వచ్చింది.

"పెంచేది నేనన్నా. మొన్న పోయి బుట్టల వేసిపెట్టి, పట్టేటోళ్లెవరితోనన్న పంపుమన్న. పెండ్లైన కాన్నుంచి పాములున్న అర్ర గడప తొక్కలే గీయన... గోడ మీద బల్లి కనవడ్డా బయటికి ఉరుకుతడు!"